ఆటకు ఒక వేళ ఉండేది

మే నెల, మధ్యాహ్నం పన్నెండు దాటింది. విజయవాడలో ఓ కూరగాయల మార్కెట్ పక్కన బడ్డీకొట్టు నీడలో నిలబడి ఉన్నాను. ఆంజనేయుడి వేషంలో ఒకాయన వచ్చి అదే నీడలో ఆగాడు. ఒంటికి పొడుగు చేతుల మఖమల్ చొక్కా, ముఖమంతా ఎర్రరంగు, మూతికి కట్టుకున్న అట్టమూతి, వెనకాల గుడ్డలు కూరి లోపల తీగ పెట్టి వంచిన తోక. మజ్జిగ ప్యాకెట్ కొనిచ్చాను. అట్టమూతి తీయలేదాయన. తీస్తే కింద రంగు చెదురుతుందట, మళ్లీ సరిచేసుకోవడానికి గంట పడుతుందట. ప్యాకెట్ మూల కొరికి, తల వెనక్కి వంచి, అట్టమూతి సందులోంచి సన్నటి ధారగా నోట్లోకి పోసుకున్నాడు. చెవి వెనక నుంచి ఎర్రటి చెమట చొక్కా కాలరు మీదికి కారుతోంది. రెండు నిమిషాలు కూడా కాకముందే మళ్లీ ఎండలోకి వెళ్లిపోయాడు.

ఎండలో ఎందుకు తిరుగుతున్నావని ఆయన్ని అడగడం తేలిక. వాళ్ల తాతలు ఇలా మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద ఆడారా అన్నది ముందు చూడాలి. ఆడలేదు. మన వీధి కళల్లో చాలావాటికి ఒక వేళ ఉండేది, ఒక రుతువు ఉండేది. అవి రెండూ ఎలా పోయాయో తెలిస్తేనే ఈ రోజు ఎండలో నిలబడ్డ మనిషి అవస్థ అర్థమవుతుంది.

ఒక్కొక్కరినే తలుచుకోండి. బుడబుక్కలవాడు తెల్లవారకముందే వచ్చి జోస్యం చెప్పి వెళ్లిపోయేవాడు. హరిదాసు వచ్చేది ధనుర్మాసంలో, మంచు కురిసే పొద్దున్న, తలమీద అక్షయపాత్రతో. గంగిరెద్దులవాళ్లూ కొమ్మదాసర్లూ సంక్రాంతికి. తోలుబొమ్మలాట, వీధిభాగవతం, బుర్రకథ రాత్రిపూట భోజనాలయ్యాక మొదలవుతాయి. తోలుబొమ్మకు చీకటి, దీపం కావాలి కాబట్టి రాత్రి అనుకుంటాం. కానీ వీధిభాగవతులు కూడా రాత్రినే ఎంచుకున్నారు. చూసేవాళ్లు పొలం నుంచి తిరిగొచ్చేది అప్పుడే, చల్లబడేదీ అప్పుడే.

పగలే ఆడక తప్పనివాళ్లు కొందరున్నారు. గడ ఎక్కే దొమ్మరులు, తాడు మీద నడిచేవాళ్లు, గారడీ చేసే సాధనాశూరులు, పేరులోనే పగలున్న పగటివేషగాళ్లు. వీళ్లకు వెలుతురు కావాలి. అయినా వీళ్లు కూడా మిట్టమధ్యాహ్నాన్ని తప్పించుకునేవాళ్లు. పగటివేషగాళ్ల బృందం ఒక ఊళ్లో దిగితే రోజుకో వేషం చొప్పున చాలా రోజులు ఉండేది. ఇల్లిల్లూ తిరిగి వేషం చూపించడం, పొద్దెక్కేలోపు బసకు చేరడం. చివరి రోజున ఊరంతా కలిసి సంభావన ఇచ్చేది. డబ్బు చివర్లో ఒకేసారి వస్తుంది కాబట్టి, ఈ పూట ఎండగా ఉందని మానేసినా ఆ పూట తిండి పోయేది కాదు. ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే.

రుతువు సంగతీ అంతే. పదమూడో శతాబ్దపు కవి పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో శ్రీశైలం శివరాత్రి జాతరలో కనిపించే ఆటపాటలను వర్ణించాడు. బహురూపాలు, బొమ్మలాటలు, గడల మీద ఆడే దొమ్మరులు అందులో కనిపిస్తారు. అది మాఘమాసం చివర. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్లు అనే రోజులు. పంట చేతికొచ్చి, జనం చేతిలో కాస్త గింజలుండి, ఎండ ఇంకా ముదరని కాలం. సంక్రాంతి నుంచి ఉగాది దాకా వీధి కళాకారుడి అసలు సీజన్ ఇదే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, అప్పటికి మూట కట్టుకుని ఏ చెట్టుకిందో గుడిసె వేసుకుని ఉండేవాళ్లు. వానాకాలంలో ఆట దాదాపు లేనట్టే. తేమకు బొమ్మల తోలు మెత్తబడుతుంది, డప్పు చర్మం వదులైపోతుంది. గడ్డి మంట మీద కాస్తే తప్ప డప్పు పలకదు.

ఈ క్యాలెండర్ నడవడానికి వెనక ఒక కూలి ఏర్పాటు ఉంది. కళ్లం దగ్గర కొలిచే గింజలు. తెలంగాణలో దీన్ని మిరాశీ అంటారు. ఫలానా ఊళ్లు ఫలానా కుటుంబానివి, వాళ్లు తప్ప వేరేవాళ్లు అక్కడికి వెళ్లకూడదు. చాలా కులాలకు కథ చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉంది. మాదిగలకు చిందువాళ్లు, డక్కలివాళ్లు. పద్మశాలీలకు సాధనాశూరులు, కూనపులివాళ్లు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు. ఇదేదో బంగారుకాలమని నేననను. కులం మెట్లలో అట్టడుగున, ఊరి బయట, ఇచ్చినది పుచ్చుకుని బతికిన బతుకు అది. కానీ ఆ ఏర్పాటులో ఏడాదికి ఒకసారి వచ్చేది హక్కుగా వచ్చేది. ఎండ దెబ్బ తినకుండా కాపాడింది ఆ హక్కే.

అది కూలడానికి ఒక్క కారణం చెబితే తప్పవుతుంది. టూరింగ్ టాకీసు వచ్చింది, తర్వాత టీవీ వచ్చింది. పోషించే కులాల పిల్లలు పట్నాలకు వెళ్లారు. అయితే జనం ఎక్కువగా మాట్లాడని కారణం ఇంకొకటుంది. కళ్లమే పోయింది. వరికోత మిషన్ పొలంలోనే కోసి, నూర్చి, గింజను నేరుగా ట్రాక్టరులో పోస్తుంది. అక్కడి నుంచి ధాన్యం కొనుగోలు కేంద్రానికో మిల్లుకో పోతుంది. కుప్ప వేసి, తూర్పారబట్టి, రాశి పోసి, ఆ రాశి ముందు నిలబడ్డవాడికి చేటతో పెట్టే సందర్భమే లేదిప్పుడు. రైతు బ్యాంకు ఖాతాలో పడే డబ్బు ముందు డప్పు కొట్టలేరు కదా.

అలా ఊరు వదిలి పట్నం రోడ్డెక్కినవాళ్ల వేళ తలకిందులైంది. పట్నంలో సంభావన లేదు, ఈ క్షణం చూసినవాడు ఈ క్షణం ఇవ్వాలి. పొద్దున్న తొమ్మిదింటికి ఆఫీసు టెన్షన్‌లో ఉన్నవాడు అద్దం దించడు. సాయంత్రం రద్దీలో ట్రాఫిక్ పోలీసులు నిలవనీయరు. మిగిలేది పది నుంచి మూడు దాకా. బజారులో కొనేవాళ్లుండే సమయం, సిగ్నల్ దగ్గర ఆగిన బళ్ల మధ్య కాస్త సందుండే సమయం. వేషం వేసుకోవడానికి ఒకసారి రంగు పూసుకుంటే సాయంత్రం దాకా దాన్ని కడగరు. సిగ్నళ్ల దగ్గర వెండిరంగు పూసుకుని కర్ర పట్టుకుని కదలకుండా నిలబడే గాంధీ వేషాలు మీరు చూసే ఉంటారు. ఒంటినిండా రంగు, కింద కాలే తారు, కదలకుండా ఉండటమే కళ. చెమట పట్టి, ఆ చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఆ చెమట ఆరాల్సిన చర్మం మీదే రంగు పొర ఉంటుంది.

ఎండ కూడా పాత ఎండ కాదు. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగితే, లేదా ఏకంగా 45 డిగ్రీలకు చేరితే వాతావరణ శాఖ వడగాడ్పు అంటుంది. ఆ అంకె నీడలో కొలిచింది. సందులు వదిలిన పలకలతో చేసిన తెల్లటి పెట్టెలో, గాలి ఆడేలా పెట్టిన థర్మామీటరు చూపించే వేడి. రోడ్డు మీద ఎండలో నిలబడ్డవాడి ఒంటికి తగిలేది దానికంటే బాగా ఎక్కువ. రామగుండం వైపు పొడి ఎండ అయితే, కోస్తాలో ఉక్కపోత తోడవుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట పట్టడమే కానీ ఆరడం ఉండదు.

2015 మే చివర్లో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి అధికారిక లెక్కల్లోనే 1,900 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఆరుబయట పనిచేసేవాళ్లు, ముసలివాళ్లు, పేదలు. 2010లో వడగాడ్పుల దెబ్బ తిన్న అహ్మదాబాద్ 2013లో వాటిని ఎదుర్కోవడానికి మన దేశంలోనే మొదటి నగర స్థాయి ప్రణాళిక తెచ్చుకుంది. మన రాష్ట్రాల్లో ఆ పని ఊపందుకున్నది 2015 తర్వాతే. చలివేంద్రాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పన్నెండు నుంచి మూడు దాకా బయటికి రావద్దన్న హెచ్చరికలు, పని వేళల మార్పు. బడులకు మార్చిలోనే ఒంటిపూట వస్తుంది. ఉపాధి హామీ కూలీలు తెల్లవారుజామునే పనికి వెళ్లి ఎండెక్కేలోపు ఇంటికొస్తారు. ఈ ఏర్పాట్లన్నీ మంచివే. కాకపోతే వీటిలో వేళ మార్చడానికి ఎవరో ఒక యజమాని, ఒక మేస్త్రి, ఒక హెడ్మాస్టరు ఉండాలి. వీధిలో ఆడేవాడికి వేళ మార్చేవాళ్లెవరూ లేరు. వేళ మార్చుకుంటే పోయే కూలి ఇచ్చేవాళ్లూ లేరు.

పశువుల విషయంలో మనకొక నియమం ఉంది. బండి లాగే, బరువు మోసే పశువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించే 1965 నాటి కేంద్ర నియమాల ప్రకారం, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య ఆ పశువుతో పని చేయించకూడదు. ఎంత ఎండకు, ఏ వేళకు పని ఆపాలో అంకెలతో సహా రాసిన నియమం అది. దాన్ని చదివినప్పుడు నాకు సంతోషమే కలిగింది. మనిషి విషయంలోనూ ఇంత స్పష్టంగా రాయొచ్చని దాన్నిబట్టి తెలుస్తోంది కదా.

రాయకపోవడానికి కారణం వెతికితే ఎండ దగ్గర ఆగదు, చట్టం దాకా వెళ్లాలి. మన చట్టాలు వీధి కళాకారుణ్ణి పనివాడిగా ఎప్పుడూ చూడలేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. స్థిరనివాసం లేకుండా తిరిగేవాళ్లంటేనే అనుమానం. గడ ఎక్కి బతికే దొమ్మరులు కూడా ఆ ముద్ర నుంచి తప్పించుకోలేదు. ఊరు దాటాలంటే చెప్పి వెళ్లాలి, పిలిచినప్పుడు హాజరు వేయించుకోవాలి. తిరగడమే వృత్తిగా ఉన్నవాడికి తిరగడమే నేరమైంది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది, అనుమానం మాత్రం వేరే పేరుతో మిగిలింది.

ఆ పేరు భిక్షాటన. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం చదివితే సంగతి తెలుస్తుంది. బహిరంగ స్థలంలో పాడి, ఆడి, జోస్యం చెప్పి, ప్రదర్శన ఇచ్చి డబ్బులు తీసుకోవడాన్ని కూడా అది భిక్షాటన కిందే లెక్కగట్టింది. ఆ చట్టాన్ని ఢిల్లీకి కూడా వర్తింపజేశారు. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, అడుక్కోవడాన్ని నేరంగా చూసే సెక్షన్లు రాజ్యాంగానికి విరుద్ధమని ఢిల్లీ వరకు కొట్టేసింది. మన దగ్గర 1977లో భిక్షాటన నిరోధక చట్టం వచ్చింది. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ సదస్సు జరిగే ముందు నగరంలో రెండు నెలలపాటు భిక్షాటనను నిషేధిస్తూ పోలీసులు ఉత్తర్వులిచ్చారు. అలాంటి రోజుల్లో కూడలిలో వేషంతో నిలబడ్డవాణ్ణి కళాకారుడనుకోవాలా, బిచ్చగాడనుకోవాలా అన్నది ఎదురుపడిన పోలీసు ఇష్టం. వీధి వ్యాపారుల కోసం 2014లో వచ్చిన కేంద్ర చట్టం తోపుడుబండికి గుర్తింపు, చోటు ఇచ్చింది. వేషానికీ గడకీ అందులో పేరు పెట్టి చోటివ్వలేదు.

సంచార జాతుల కోసం ఏమీ జరగలేదని కాదు. రెండు రాష్ట్రాల్లో బీసీ-ఏ జాబితాలో దొమ్మరులు, బుడబుక్కలవాళ్లు, గంగిరెద్దులవాళ్లు ఉన్నారు. రేణ్కే కమిషన్ 2008లో నివేదిక ఇచ్చింది, తర్వాత ఇదాతే కమిషన్ వచ్చింది, 2019లో కేంద్రంలో ఒక బోర్డు ఏర్పడింది. చదువుకు, ఇంటికి, వైద్యానికి కొన్ని పథకాలున్నాయి. కళనే పనిగా గుర్తించి, ఆ పని జరిగే చోటునూ వేళనూ చూసే ప్రయత్నం మాత్రం నాకు కనిపించలేదు. గుర్తింపు దక్కినా బతుకు మారుతుందన్న నమ్మకం లేదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024 మే నెలలో ఆయన హైదరాబాద్ శివార్లలో కట్టడం పనిలో కూలికి వెళ్తున్న దృశ్యాలు అందరం చూశాం. అదీ ఎండాకాలమే.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మరణిస్తే కుటుంబానికి ఇచ్చే సాయాన్ని 4 లక్షల రూపాయలకు పెంచింది. పెద్ద అడుగే. కానీ చనిపోయింది వడదెబ్బతోనే అని అధికారులు ధ్రువీకరించాలి. సొంతూరొకటి, రేషన్ కార్డు ఇంకో చోట, డేరా ఫ్లైఓవర్ కింద ఉన్న కుటుంబం ఏ ఊరి ఆఫీసు మెట్లెక్కాలి? మిట్టమధ్యాహ్నం వేషంలో కుప్పకూలినవాడి పక్కన వృత్తి అనే గడిలో ఏం రాస్తారు?

ఆ రోజు మజ్జిగ తాగిన ఆంజనేయుడు మళ్లీ ఒకసారి కనిపించాడు, జూన్ మొదటి వారంలో, పొద్దున్న ఏడింటికి. రైతుబజారు గేటు దగ్గర నిలబడ్డాడు. గుర్తుపట్టి నవ్వాడు. మధ్యాహ్నం తిరగడం మానేశానన్నాడు, మే చివర్లో ఒకసారి కళ్లు తిరిగి పడిపోయాక. సాయంత్రం గుడి దగ్గర ఇంకో రెండు గంటలు నిలబడతాడట. రాబడి సగానికి తగ్గిందన్నాడు. మఖమల్ చొక్కా తీసేసి పలచటి ఎర్ర బనియన్ వేసుకున్నాడు. తోక మాత్రం అదే.