పత్తిగింజల పొట్టు వేడి బావిలో నిలుస్తుందా?

2025 సెప్టెంబర్‌లో కేంద్రం జాతీయ భూతాప (భూగర్భ వేడి) ఇంధన విధానం ప్రకటించాక గుంటూరు నూనె మిల్లుల దగ్గర పాత వాదనే మళ్లీ లేచింది. ఇక్కడి పత్తిగింజల పొట్టు, గూడూరు అభ్రకం ఉండగా భూతాప బావుల్లో పగుళ్లు పూడ్చడానికి ఖరీదైన బయటి సరుకెందుకని వ్యాపారుల ప్రశ్న. చమురు బావుల్లో పగుళ్లలోకి జారిపోయే డ్రిల్లింగ్ మడ్‌ను (తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద ద్రవాన్ని) ఇవి దశాబ్దాలుగా ఆపుతున్న మాట నిజమే.

అసలు మలుపు మాత్రం 1980లలో వచ్చింది. మడ్ నష్టం వల్ల భూతాప బావి ఖర్చులో పాత క్షేత్రాల్లో దాదాపు 10 శాతం, కొత్త చోట్ల 20 శాతానికి పైగా పోతోందని 1982లో అమెరికాలో లెక్క తేలింది. అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ శాండియా నేషనల్ లేబరేటరీస్ ఇంజినీర్లు ఈ సరుకులను వేడిలో, ఒత్తిడిలో పరీక్షించారు. అప్పటిదాకా పగులు పూడితే చాలనుకునేవారు. వేడెక్కాక నలగకుండా నిలిచేదేదన్న ప్రశ్న అక్కడే ముందుకొచ్చింది. పొట్టులోని సెల్యులోజ్ వేడికి మెత్తబడి చివికిపోతుంది, కట్టిన అడ్డు ఒత్తిడికి తెగుతుంది. అభ్రకం వేడికి చెడదు కానీ పలచని రేకు. గట్టి గింజల ఆసరా లేకుంటే వంగిపోతుంది.

అందుకే పెద్ద గింజలు ఇంచుమించు పగులు వెడల్పున ఉండాలి. సందుల్లోకి సన్నవి, వాటిపై పీచు, రేకులు. ఘనపు మీటరు మడ్‌కు 100 కిలోల దాకా కలుపుతారు. ముతక సరుకు బిట్ (తవ్వే మొన) నాజిళ్లను, అంటే మడ్ బయటికొచ్చే రంధ్రాలను మూసేస్తుంది కాబట్టి బిట్ తీసేసి, కింద తెరిచిన పైపు గుండా పంపడం మేలు.

పగులు సెంటీమీటర్లలో ఉంటే ఏ పొట్టూ పనిచేయదు, సిమెంట్ ప్లగ్ (బిరడా) పెట్టాలి. 110 డిగ్రీల సెల్సియస్ దాటితే సిమెంట్ బరువులో 35–40 శాతం సిలికా పొడి కలపాలి. లేకపోతే గట్టిపడ్డ సిమెంటే బలం కోల్పోతుంది. సిమెంట్ కూడా నిలవని చోట్లున్నాయి. 2001లో నెవాడాలోని రై ప్యాచ్‌లో చివరికి పాలీయురేథేన్ నురుగు వాడారు.

పొట్టు కుళ్లిపోతే ఆవిరినిచ్చే పగుళ్లు మళ్లీ తెరుచుకుంటాయని, అదీ మేలేనని వ్యాపారులంటారు. అది ఆవిరి వచ్చే అడుగు భాగానికి, అంటే ఉత్పత్తి పొరకే వర్తిస్తుంది. అక్కడ చాలాచోట్ల మడ్ మాని నీళ్లతోనే తవ్వుతారు, పగుళ్లు తెరిచి ఉండటమే కావాలి. పైభాగంలో కేసింగ్ (బావి గోడకు వేసే ఉక్కు గొట్టం) దిగి, సిమెంట్ పడేదాకా అడ్డు నిలవాల్సిందే. కాబట్టి పొట్టును మడ్‌లో కలిపి, బావి వేడి దగ్గర 16 గంటలు రోలర్ ఓవెన్‌లో తిప్పి, ఆ తర్వాత స్లాట్ పరీక్షకు, అంటే పగులులాంటి సన్నని చీలికను ఒత్తిడిలో పూడుస్తుందో లేదో చూసే పరీక్షకు పెట్టాలి. ఆ ఫలితం చూపకుండా టెండర్‌లో చోటు అడగడం సరికాదు.