శాంపిల్ రేటు సంగతి: పిల్లలకు ఉత్తరం

హైదరాబాద్

పిల్లలకు ఆశీస్సులు.

ఇంట్లో ఉన్న పెళ్ళి క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో పాత టీవీ ట్యూనర్ కార్డు (టీవీ, వీసీఆర్ బొమ్మనూ శబ్దాన్నీ కంప్యూటర్‌లోకి తెచ్చేది) కొన్నామని రాశారు. బొమ్మ బాగానే వస్తోందట, మాటలు మాత్రం సన్నగా, గబగబా వినిపిస్తున్నాయట. కార్డు చెడిపోలేదు, దాన్ని మార్చకండి. శాంపిల్ రేటు తప్పింది, అంతే.

కార్డులోని చిప్ శబ్దాన్ని సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి, ఒక్కో కొలతను (దాన్నే శాంపిల్ అంటారు) ఒక్కో అంకెగా పంపుతుంది. సెకనుకు ఎన్ని శాంపిళ్ళో అదే శాంపిల్ రేటు. ఎంత వేగంగా కొలవాలన్నది కార్డు మీద గడియారంలా లయ ఇచ్చే క్రిస్టల్‌ను బట్టి ఉంటుంది. కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, ఆ వేగాన్ని రికార్డు చేసే ప్రోగ్రామ్‌కు చెబుతుంది. ఫైలులో చేరేవి అంకెలే. వాటిని ఏ వేగంతో వినిపించాలో ఫైలు మొదట్లో రాసుకున్న ఒక్క సంఖ్యే చెబుతుంది. చిప్ 32000 చొప్పున పంపుతుంటే అక్కడ 48000 అని పడిందనుకోండి, గంట పెళ్ళి శబ్దం నలభై నిమిషాల్లో అయిపోతుంది. స్వరం కూడా 3:2 నిష్పత్తిలో పైకి పోతుంది కాబట్టి నాదస్వరం షడ్జం వాయిస్తే మీకు పంచమం వినిపిస్తుంది. వాట్సాప్‌లో 1.5 స్పీడు పెట్టినా గొంతు మారదు, ఎందుకంటే ఆ యాప్ శ్రుతిని సరిచేస్తుంది. ఇక్కడ ఆ పని చేసేదేదీ లేదు.

అసలు 32000 ఎందుకు? పాత అనలాగ్ టీవీ ప్రసారంలో శబ్దం సుమారు 15 కిలోహెర్ట్జ్ వరకే ఉండేది. దాన్ని పట్టుకోవాలంటే కనీసం రెట్టింపు వేగంతో కొలవాలి. యూరప్‌లో వాడిన నైకామ్ డిజిటల్ స్టీరియో కూడా సెకనుకు 32000 శాంపిళ్ళదే. మన దూరదర్శన్ పాత పాల్-బీ (అనలాగ్ టీవీ పద్ధతి) ప్రసారంలో శబ్దం ఒకే చానల్ ఎఫ్ఎం, అంటే మోనో, అయినా, కొన్ని చిప్‌లు తయారుచేసినవాళ్ళు టీవీ శబ్దానికి ఆ లెక్కనే ఉంచారు.

చిప్‌ను బట్టి రేటు మారుతుంది కాబట్టి కార్డు మీది పెద్ద చిప్ నంబరు ముందు చదవండి. ఎస్ఏఏ7134 అయితే ట్యూనర్ శబ్దం (యాంటెన్నా కేబుల్ దారిలో వచ్చేది) 32000లోనే వస్తుంది, లైన్-ఇన్‌కు (ఎరుపు, తెలుపు తీగల శబ్దం వచ్చే దారి) 32000, 48000 రెండూ ఉంటాయి. సీఎక్స్88 కుటుంబానికి లైనక్స్‌లో ఉన్న ఆల్సా (లైనక్స్ శబ్ద వ్యవస్థ) డ్రైవర్ 48000 ఒక్కటే ఇస్తుంది. బీటీ878 కాస్త వింతది. డిజిటల్ దారిలో మామూలుగా 32000 స్టీరియో, కార్డు వేరే రేటు పంపేదైతే డ్రైవర్‌కు డిజిటల్_రేట్ పారామీటర్‌తో చెప్పాలి. అనలాగ్ దారిలో మోనో మాత్రమే, అదీ 1792000ను 4 నుంచి 15 వరకు ఏదో ఒక సంఖ్యతో భాగించగా వచ్చే రేట్లలోనే. 44100 (ఆడియో సీడీ రేటు) అడిగితే ఇవ్వలేదు. అక్కడ 14తో భాగించి 128000 తీసుకోండి. అది 32000కు సరిగ్గా నాలుగు రెట్లు, తర్వాత దించడం తేలిక.

ఇప్పుడు కొలత. ఎవరు ఏ సంఖ్య చెప్పినా నమ్మకండి, కొలిచి చూడండి. లైనక్స్‌లో శబ్దం రికార్డు చేసే ఏరికార్డ్ కమాండ్‌లో డివైస్‌గా ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ (plughw) కాక హెచ్‌డబ్ల్యూ (hw) ఇవ్వండి. ప్లగ్ అని ఉంటే మధ్యలో రేటు మార్చేసి అసలు విషయం దాచిపెడుతుంది. 16 బిట్లు, రెండు చానళ్ళు, రా ఫైలు (మొదట్లో రేటు రాయకుండా అంకెలే ఉండేది) పెట్టండి. ఏరికార్డ్‌కే 60 సెకన్లని చెప్పకండి, అది తనకు తెలిసిన రేటుతో బైట్లు లెక్కపెట్టి ఆగుతుంది, అంటే తప్పు రేటుతోనే తప్పును కొలిచినట్టు. టైమౌట్ కమాండ్‌తో 60 సెకన్లకు బయటినుంచి ఆపండి. ఫైలు 76,80,000 బైట్లకు దగ్గరగా ఉంటే చిప్ వేగం 32000, 1,15,20,000 దగ్గరుంటే 48000. ప్రోగ్రామ్‌లో 48000 అని పెట్టినా సైజు మొదటిదే వచ్చిందంటే జబ్బు దొరికినట్టే. పెళ్ళి ఫైలును మళ్ళీ రికార్డు చేయక్కర్లేదు, రేటు 32000 అని సరిచేసి చదివిస్తే గొంతు దారికొస్తుంది.

రేటు సరిగ్గా పెట్టాక కూడా గంట చివర్లో పెదవులకూ మాటకూ కాస్త తేడా రావచ్చు. క్రిస్టల్ పది లక్షలకు వంద వంతులు తప్పినా గంటకు 0.36 సెకను జరుగుతుంది. తేడా మెల్లగా, సమంగా పెరుగుతుంటే అది క్రిస్టల్ వల్లే. ఎస్ఏఏ7134 డ్రైవర్‌లో ఆడియో_క్లాక్_ట్వీక్ అనే సర్దుబాటు (-1024 నుంచి 1024 వరకు) ఉన్నది ఇలాంటి చిన్న తేడాలకే. ఒకటిన్నర రెట్ల తప్పును అది దిద్దలేదు. తేడా ఒక్కసారిగా దూకితే మాత్రం కారణం వేరు: డిస్క్ మీదికి వెళ్ళేలోగా శాంపిళ్ళు ఆగే చోటు, అంటే బఫర్, నిండిపోయి కొన్ని శాంపిళ్ళు పోయాయి. టెర్మినల్‌లో ఓవర్‌రన్ అని పడుతుంది. బఫర్ పెంచండి, ఆ సమయంలో డిస్క్ మీద వేరే పని పెట్టకండి.

ఇంకొకటి మీ చెవులే పట్టాలి, మా వయసువాళ్ళకు వినిపించదు. పాల్ బొమ్మలో సెకనుకు 15625 గీతలుంటాయి. ఆ వేగంతో పుట్టే 15625 హెర్ట్జ్ ఈల శబ్దంలోకి కారుతుంది. ఫైలు చిన్నదవ్వాలని ఫిల్టర్ లేకుండా 22050కి దించితే అది 6425 హెర్ట్జ్‌గా మడతపడి, మంత్రాల మధ్య సన్నని కూతలా నిలిచిపోతుంది. తర్వాత తీయడం కష్టం. అందుకే రికార్డింగ్ ఎప్పుడూ చిప్ ఇచ్చే రేటులోనే చేయండి, మార్పిడి చివర్లో సాక్స్ (SoX) అనే శబ్దం ప్రోగ్రామ్‌లోని రేట్ ఎఫెక్ట్‌తో చేయండి. డీవీడీకి కావలసిన 48000 మీ 32000కు సరిగ్గా ఒకటిన్నర రెట్లు, కాబట్టి 44100 జోలికి పోవద్దు.

వీసీఆర్‌ను యాంటెన్నా కేబుల్‌తో కాకుండా పసుపు, ఎరుపు, తెలుపు తీగలతో కలపండి. హై-ఫై (శబ్దాన్ని ఎక్కువ నాణ్యతతో రికార్డు చేసిన) క్యాసెట్ అయితే లైన్-ఇన్‌లో 48000 పెట్టండి, ఆ టేపులో 15 కిలోహెర్ట్జ్ పైన కూడా శబ్దం ఉంటుంది. మామూలు క్యాసెట్‌కు 32000 చాలు.

చిప్ మీది నంబరు, 60 సెకన్ల ఫైలు సైజు రాసి పంపండి. అవి చూశాక మిగతాది చెబుతాను.

మీ తాతయ్య