ట్రీట్ పజిల్ బొమ్మలు: అపోహలు, వాస్తవాలు

ట్రైనింగ్‌కి కొత్త ఇంటికి వెళ్తే, కాఫీ వచ్చేలోపు కుక్క బొమ్మల బుట్ట ఒకసారి కెలికి చూడటం నాకు అలవాటు. హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా దాదాపు ఒకటే వరస. పైన చిరిగిన సాక్సు, తాడు ముడి. అడుగున దుమ్ముపట్టిన ప్లాస్టిక్ పజిల్ ఒకటి, అంటే లోపల దాచిన ట్రీట్లను కుక్క తనే కష్టపడి తీసుకుని తినే బొమ్మ. "పదిహేను వందలు పెట్టి కొన్నాం సార్, రెండు రోజులు ఆడి వదిలేశాడు. వీడికి బుర్ర లేదా, బొమ్మే బాలేదా?" అని అడుగుతారు. చాలాసార్లు ఆ బొమ్మ బాగానే ఉంటుంది, కుక్క బుర్ర కూడా బాగానే ఉంటుంది. ఆ కుక్కకు ఏ పని ఇష్టమో చూడకుండా, ఫొటోలో మనకు నచ్చిన బొమ్మ కొనేశాం, అంతే.

అపోహ: మావాడు చాలా తెలివైనవాడు, అందుకే నేరుగా కష్టమైన లెవెల్ కొన్నాం.

ఈ లెవెళ్ల లెక్కకు బాగా పేరు తెచ్చినవి స్వీడన్‌కు చెందిన నీనా ఓటోసన్ పజిళ్లు. ఆమె 1990లలో వీటిని తయారు చేయడం మొదలుపెట్టారు. ఒకటి నుంచి నాలుగు వరకు లెవెళ్లు ఉంటాయి. ఆ అంకె చెప్పేది బొమ్మ తెరవడానికి ఎన్ని రకాల కదలికలు కావాలో మాత్రమే. మూత పైకెత్తడం ఒకటి, పక్కకు జరపడం ఇంకొకటి, ముందు ఒక అడ్డు తీసి తర్వాత డ్రాయర్ లాగడం మరొకటి. మీ కుక్క షేక్‌హ్యాండ్ ఇస్తుంది, పేరు పెట్టి అడిగితే బంతి తెస్తుంది అంటే చాలా సంతోషం. మూత జరపడం మాత్రం అది కొత్తగా నేర్చుకోవాల్సిందే.

మొదటిసారే మూతలన్నీ బిగించి ముందు పెడితే ఏమవుతుందో చెబుతాను. వాసన వస్తుంది, తిండి రాదు. కాసేపు గీకుతుంది, మనవైపు చూసి మొరుగుతుంది, తర్వాత ప్లాస్టిక్ అంచు కొరకడం మొదలుపెడుతుంది. అప్పుడు మనం "అయ్యో పాడుచేస్తోంది" అని లాక్కుంటాం. ఆ బొమ్మంటే దానికి గుర్తుండేది ఆ చిరాకే.

నేను మొదటి రోజు మూతలన్నీ తీసేసి, ట్రీట్లు కళ్లకు కనబడేలా పెట్టి ఇస్తాను. ఊరికే తినేస్తుంది, తిననివ్వండి. రెండో రోజు మూతలు సగం కప్పుతాను. మూడో నాలుగో రోజుకు పూర్తిగా. అరనిమిషంలో మొదటి ముక్క దొరక్కపోతే ఆ లెవెల్ ఆ కుక్కకు ఇంకా ఎక్కువే అని నా లెక్క. ఓ ల్యాబ్ (లాబ్రడార్) అయితే పజిల్ పళ్లెం మొత్తం నోట కరుచుకుని పైకెత్తి నేలకేసి కొట్టింది, ట్రీట్లన్నీ హాలంతా పడ్డాయి. ఓనరు తల పట్టుకున్నారు. నేనైతే దానికి నూటికి నూరు మార్కులు వేశాను.

అసలు చూడాల్సింది లెవెల్ కంటే ముందు, మీ కుక్క దేనితో పనిచేస్తుందనేది. మనకు వాసన పట్టే గ్రాహకాలు సుమారు 50, 60 లక్షలు ఉంటే కుక్కలకు 20 కోట్ల పైనే ఉంటాయి. బీగిల్ లాంటి ముక్కు కుక్కకు గుడ్డపీలికల మధ్య డాగ్‌ఫుడ్ గింజలు వెతికే స్నఫుల్ మ్యాట్ ఇస్తే లోకం మరిచిపోతుంది. కొన్నిటికి నాకడం ఇష్టం, వాటికి లిక్ మ్యాట్, అంటే మెత్తటి తిండి పూసి ఇచ్చే గరుకు మ్యాట్. ముఖం చప్పిడిగా ఉండే పగ్, షిట్జూలకు లోతైన గొట్టం లాంటి బొమ్మ ఇస్తే నాలుక అందదు, వాటికి కూడా లిక్ మ్యాటే హాయి. చింపడం ఇష్టమైన వాటికి డబ్బు ఖర్చే లేదు. కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టెకు టేపు, పిన్నులు తీసేసి, లోపల పాత కాగితాల మధ్య నాలుగు గింజలు వేసి ఇవ్వండి. ముక్కలు మింగుతుంటే మాత్రం ఆపేయాలి. పాత టవల్‌లో గింజలు చుట్టి ఇవ్వడం కూడా పజిలే. నా దగ్గరికి వచ్చే కుక్కల్లో సగానికి పైగా మొదటి పజిల్ టవలే.

అపోహ: ఎంత గట్టి బొమ్మ అయితే అంత మంచిది.

పెట్ షాపులో నేను తరచూ వినే మాట, "అస్సలు విరగనిది ఇవ్వండి". బొమ్మ విరగదు సరే, పన్ను విరుగుతుంది. పై దవడలో పక్కన ఉండే పెద్ద కోత పన్ను పెచ్చులా ఊడిపోవడం పశువైద్యులు మాటిమాటికీ చూసే సమస్య. జింక కొమ్ములు, ఎండిన గిట్టలు, గట్టి నైలాన్ ఎముకలు ఇలాంటి పని చేస్తాయి. కొనేముందు బొటనవేలి గోరుతో నొక్కి చూడండి. కాస్తయినా లోపలికి దిగాలి. దిగకపోతే అక్కడే పెట్టేసి వచ్చేయండి.

లోపల తిండి కూరే రబ్బరు బొమ్మల్లో అందరికీ తెలిసిన కాంగ్ పుట్టింది కూడా ఈ పళ్ల బాధలోంచే. 1970లలో అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన జర్మన్ షెపర్డ్ ఫ్రిట్జ్ రాళ్లు కొరికి పళ్లు అరగదీసుకుంటుంటే, పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ సస్పెన్షన్‌లోని రబ్బరు ముక్క దానికి తెగ నచ్చిందట. ఆ ఆకారమే బొమ్మ అయింది. ఇప్పుడు కుక్కపిల్లలకు మెత్తది, మామూలు కుక్కలకు ఎర్రది, గట్టిగా నమిలేవాటికి నల్లది దొరుకుతున్నాయి. నాలుగు నెలల పిల్లకు నల్లది కొన్నవాళ్లను కూడా చూశాను. పాలపళ్లతో అది ఏం చేసుకుంటుంది?

సైజు ఇంకా ముఖ్యం. బొమ్మ మొత్తం నోట్లో పట్టి, వెనక దవడ పళ్లు దాటి గొంతువైపు జారే అవకాశం ఉంటే అది ఆ కుక్కకు చిన్నది. రెండు సైజుల మధ్య డౌటు వస్తే పెద్దదే తీసుకోండి. ఇంకో సంగతి షాపువాళ్లు చెప్పరు. లోపల బోలుగా ఉండే బొమ్మకు రెండు వైపులా రంధ్రాలు ఉండాలి. ఒకటే ఉంటే కుక్క నాకుతున్నప్పుడు లోపల గాలి పీల్చుకుపోయి నాలుక ఇరుక్కుంటుంది.

ఎండు కొబ్బరిచిప్ప, ఖాళీ వాటర్ బాటిల్ ఇస్తే ఫ్రీగా అయిపోతుంది కదా అంటారు. చిప్ప పెంకులు పెంకులుగా విరిగి చిగుళ్లకు గుచ్చుకుంటుంది, పీచు మింగితే పేగుల్లో చిక్కుకోవచ్చు. బాటిల్ ఇవ్వొచ్చు, కానీ మూత, దాని కింది రింగు, లేబుల్ తీసేసి, మీ ఎదురుగానే. పగుళ్లు కనబడిన క్షణం డస్ట్‌బిన్‌లోకి.

అపోహ: లోపల ఏం పెట్టినా పర్లేదు, కొంచెమే కదా.

షుగర్‌ఫ్రీ పీనట్ బటర్ కొనేముందు లేబుల్ మొత్తం చదవండి. జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) అని ఉంటే ఇంట్లోకే తేవద్దు. అది కుక్కల్లో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా పెంచి, చాలాసార్లు గంటలోపే షుగర్ పడిపోయేలా చేస్తుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దు. అంటే పాయసంలో జీడిపప్పు పక్కన మిగిలిన కిస్‌మిస్, టిఫిన్‌లో మిగిలిన, వెల్లుల్లి వేసిన పల్లీ చట్నీ, రెండూ వద్దు.

మన ఎండలకు నాకు బాగా నచ్చేది గడ్డ కట్టించిన పెరుగన్నం. ఉప్పు, తాలింపు లేకుండా మెత్తగా కలిపి, కాస్త ఉడికించిన గుమ్మడికాయో క్యారెట్టో చేర్చి, రబ్బరు బొమ్మలో నింపి ఫ్రీజర్‌లో పెట్టండి. మే నెల మధ్యాహ్నం అరగంట పనికొస్తుంది. మొదటిసారి గడ్డ కట్టించకుండానే ఇవ్వండి. పెరుగు పడని కుక్కలుంటాయి, కొంచెంతో చూసుకోవాలి.

అపోహ: కడుపు మాడ్చితేనే పజిల్ ఆడుతుంది.

బాగా ఆకలేసిన కుక్క ఆలోచించదు, ఎగబడుతుంది. పూట భోజనంలోంచే కొంత తీసి బొమ్మలో పెడితే చాలు. ట్రీట్లయితే రోజు మొత్తం తిండి కేలరీల్లో పదో వంతు దాటనివ్వకండి. ల్యాబ్ ఓనర్లు దీన్ని రెండుసార్లు చదవాలి. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపించినట్టు, ల్యాబ్‌లలో దాదాపు నాలుగో వంతుకు పీవోఎమ్‌సీ అనే జన్యువులో తేడా ఉంటుంది, వాటికి తిండి మీద ధ్యాస ఎక్కువ. పజిల్ ఆడుతోందని మురిసిపోయి రోజూ అదనంగా పెడితే మూడు నెలల్లో నడుము కనబడదు.

అపోహ: బొమ్మ ఇచ్చేసి ఆఫీసుకు వెళ్లిపోతే రోజంతా ఆడుకుంటుంది.

పావుగంట, ఇరవై నిమిషాలు. ఆ తర్వాత నిద్రపోతే మంచిదే. కానీ మీరు తాళం వేయగానే ఏడ్చే కుక్క, తలుపు గీకే కుక్క అయితే బొమ్మను ముట్టుకోదు. భయంలో ఉన్న కుక్కకు తిండి లోపలికి పోదు. దీపావళి రాత్రి ఇష్టమైన చికెన్ కూడా వదిలేస్తుందే, అలాంటిదే ఇది. మీరు వచ్చేసరికి బొమ్మ నిండుగా అలాగే ఉండి, మీరు లోపలికి రాగానే ఆబగా తినేస్తోందంటే, దాని సమస్య బోర్ కొట్టడం కాకపోవచ్చు. అది వేరే చికిత్స అవసరమైన విషయం, వెట్‌తోనో అనుభవమున్న ట్రైనర్‌తోనో మాట్లాడండి. ఇంకో మాట, కొత్త బొమ్మను మొదటి వారం మీరు ఇంట్లో ఉన్నప్పుడే ఇవ్వాలి. అది నాకే రకమో, మింగే రకమో తెలియకుండా ఒంటరిగా వదలకూడదు.

వాకింగ్ బదులు పజిల్ సరిపోతుందా అని అడిగేవాళ్లకు సమాధానం చిన్నది: సరిపోదు. వానపడి బయటకు వెళ్లలేని రోజుకు ఆదుకుంటుంది.

అపోహ: వీధిలోంచి తెచ్చుకున్న కుక్కలకు ఇవన్నీ ఎందుకు?

వీధిలో ఉన్నప్పుడు దాని రోజంతా పజిలే. ఏ టిఫిన్ బండి ఎప్పుడు మూస్తారు, ఏ చెత్తకుండీలో ఏ వాసన, ఏ ఇంటి అమ్మ అన్నం పెడుతుంది, అన్నీ లెక్కలే. అలాంటిదాన్ని థర్డ్ ఫ్లోర్ ఫ్లాట్‌లోకి తెచ్చి రెండు పూటలా స్టీలు గిన్నెలో పోస్తే రెండు నిమిషాల్లో తిని సోఫా మీద పడుతుంది, సోఫానే కొరుకుతుంది. నా అనుభవంలో స్నఫుల్ మ్యాట్ విలువ అందరికంటే త్వరగా తెలుసుకునేవి మన దేశీ కుక్కలే. అయితే తిండి కోసం పోట్లాడి పెరిగినవి కాబట్టి కొన్ని బొమ్మ దగ్గరికి ఎవర్నీ రానివ్వవు. బిగుసుకుపోవడం, కంటి తెల్లగుడ్డు చూపడం, గుర్రుమనడం కనిపిస్తే చేత్తో లాక్కోకండి. దూరంగా ఇంకా మంచి ముక్క వేసి, అది అటు వెళ్లాక తీయండి. ఇంట్లో రెండు కుక్కలుంటే వేర్వేరు గదులు, మధ్యలో మూసిన తలుపు. చిన్నపిల్లల్ని ఆ గదిలోకి పంపకండి.

చివరిగా ఎవరూ అడగని విషయం, కడగడం. పెరుగన్నం పెట్టిన బొమ్మను సోఫా కింద వదిలేస్తే సాయంత్రానికి చీమల బారు, రెండో రోజుకు వాసన. అయిపోయిన వెంటనే వేడినీళ్లలో నానబెట్టి, పిల్లల పాలసీసాలు తోమే బ్రష్‌తో లోపల తోమండి. బోర్లించి, నీళ్లు పూర్తిగా ఓడ్చి ఆరాకే మళ్లీ నింపండి. మూలలు ఎక్కువగా ఉన్న పజిల్ కొనేముందు, దాన్ని రోజూ తోమేది ఎవరో ఇంట్లో ముందే తేల్చుకోండి.