లంగ్‌వార్మ్: "నట్టల మందు వేస్తూనే ఉన్నాం కదా డాక్టర్!"

లంగ్‌వార్మ్ అంటే కుక్కల గుండెలో, ఊపిరితిత్తుల ధమనుల్లో చేరే పురుగు. దగ్గుకు అదీ ఒక కారణం. కుక్క దగ్గుతోందని వచ్చినవాళ్లను నట్టల మందు సంగతి అడిగితే చాలామంది చెప్పే జవాబు ఇదే. మూడు నెలలకోసారి తప్పకుండా వేస్తున్నామంటారు. నిజంగానే వేస్తుంటారు కూడా. చిక్కల్లా అక్కడే ఉంది కాబట్టి ముందు దాని గురించే చెబుతాను.

అపోహ: నట్టల మందు ఏదైనా లంగ్‌వార్మ్‌కి కూడా పనిచేస్తుంది.

మామూలుగా వేసే చాలా మాత్రల్లో ఉండేవి ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్. అవి పేగుల్లోని బద్దె పురుగులు, ఏలికపాములు, కొంకి పురుగుల కోసం. ఆంజియోస్ట్రాంగైలస్ వాసోరమ్ అనే ఈ లంగ్‌వార్మ్ పెద్దయ్యాక పేగుల్లో ఉండదు. గుండె కుడి భాగంలో, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే ధమనుల్లో ఉంటుంది. దాని నివారణకు వాడేవి వేరు: మెడ వెనక చర్మం మీద వేసే మాక్సిడెక్టిన్ చుక్కలు, లేదా మిల్బెమైసిన్ ఆక్సిమ్ ఉన్న మాత్ర. ఏది వాడినా నెలనెలా వేయాలి. పురుగు సోకాక మలంలో లార్వాలు (పిల్ల పురుగులు) కనబడటానికి సాధారణంగా 40 నుంచి 60 రోజులు పడుతుంది. అంటే మూడు నెలలకోసారి సరైన మందే వేసినా, ఆ నడుమ అది పెద్దదై పిల్లల్ని పెట్టేస్తుంది.

కాబట్టి మందు పేరు కాదు, అట్ట మీద ఉన్న రసాయనం పేరు చూడండి. అన్నట్టు, పశువుల ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను అందాజాగా కుక్కకు వేసే పని మాత్రం పెట్టుకోకండి. కోలీ జాతి కుక్కలకైతే అది ప్రాణం మీదికి తెస్తుంది.

అపోహ: మా కుక్క నత్తల్ని ముట్టదు, దానికెందుకు వస్తుంది?

లంగ్‌వార్మ్ లార్వాలు నత్తల్లో పెరుగుతాయి, వాటిని తిన్న కుక్కకు సోకుతాయి. అయితే కావాలని తినక్కర్లేదు. గోరంత కూడా లేని పిల్ల నత్తలు, పెంకు లేని స్లగ్‌లు గడ్డిపరకలకు, రాత్రంతా బయట వదిలేసిన బొమ్మలకు, నీళ్ల గిన్నె అంచులకు పట్టుకుని ఉంటాయి. కుక్క గడ్డి నమిలినప్పుడో, బొమ్మ నోట కరుచుకున్నప్పుడో లోపలికి పోతాయి. కప్పల ద్వారా కూడా సోకుతుంది. అన్నీ నోట్లో పెట్టుకునే వయసు కదా, కుక్కపిల్లలకు ముప్పు ఎక్కువ. బొమ్మలు, గిన్నెలు రాత్రి లోపల పెట్టడం, రోజూ నీళ్లు మార్చడం తేలికైన జాగ్రత్తలే. నత్తల్ని చంపడానికి మెటాల్డిహైడ్ గుళికలు చల్లడం మాత్రం జాగ్రత్త కాదు. కుక్క వాటిని తింటే కొన్ని గంటల్లోనే వణుకు, ఫిట్స్ మొదలవుతాయి.

అపోహ: దగ్గు లేదంటే లంగ్‌వార్మ్ లేనట్టే.

పేరులో ఊపిరితిత్తులు ఉన్నా, నన్ను ఎక్కువ కంగారు పెట్టేది రక్తస్రావం. ఈ పురుగు కొన్ని కుక్కల్లో రక్తం గడ్డకట్టే తీరునే దెబ్బతీస్తుంది. చెవి లోపలి వైపు కమిలిన మచ్చ, కంటి తెల్లగుడ్డులో ఎర్రటి మరక, ముక్కు నుంచి రక్తం, చిన్న గీరుకే ఆగని రక్తం కనబడితే ఆ రోజే చూపించండి. మెదడులో రక్తం కారితే ఫిట్స్ రావచ్చు, వెన్నుపాములో కారితే వెనక కాళ్లు పడిపోవచ్చు. కొన్నింటిలో కాస్త నడవగానే ఆయాసపడి కూలబడటం తప్ప ఇంకేమీ కనబడదు. పైకి ఏమీ తెలియని కుక్కలూ ఉంటాయి.

అపోహ: మలం పరీక్ష బాగానే వచ్చింది, ఇక భయం లేదు.

ఏ పరీక్ష చేశారో అడగండి. పురుగు గుడ్లను ద్రావణంలో పైకి తేల్చి చూసే మామూలు పరీక్షలో లంగ్‌వార్మ్ తరచుగా తప్పిపోతుంది. దీని గుడ్లు ఊపిరితిత్తుల్లోనే పొదుగుతాయి. బయటికొచ్చిన లార్వాలు దగ్గుతో గొంతులోకి చేరి, కుక్క మింగాక మలంలోకి వస్తాయి. కాబట్టి వెతకాల్సింది గుడ్లను కాదు, కదిలే లార్వాలను. దానికి బెయిర్‌మన్ పరీక్ష ఉంది. మలాన్ని పల్చటి గుడ్డలో మూటకట్టి, గోరువెచ్చని నీళ్లున్న గరాటులో రాత్రంతా ఉంచుతాం. బతికున్న లార్వాలు మూటలోంచి నీళ్లలోకి వచ్చి అడుక్కి దిగుతాయి. పొద్దున ఆ అడుగు చుక్క మైక్రోస్కోప్ కింద పెడితే, తోక చివర వంకర తిరిగి చిన్న ముల్లుతో మెలికలు తిరిగే లార్వా కనబడుతుంది. ఒక్కోరోజు అవి మలంలో పడకపోవచ్చు కాబట్టి వరసగా మూడు రోజుల మలం తెమ్మంటాం. తాజాది తేవాలి, మట్టి అంటకూడదు. మట్టిలోని పురుగులూ ఇలాగే కదిలి మమ్మల్ని బోల్తా కొట్టిస్తాయి. రక్తంలో పురుగు వదిలే పదార్థాన్ని పట్టే యాంటీజెన్ పరీక్షా ఉంది గానీ, సోకిన తొలి వారాల్లో అందులోనూ తేలదు.

అపోహ: పక్క కుక్క నుంచి మన కుక్కకు, మన కుక్క నుంచి మనకూ అంటుకుంటుంది.

రెండూ కాదు. లార్వా నత్తలో కొన్నాళ్లు పెరగనిదే మరో కుక్కకు సోకదు. ఈ రకం మనుషులకు రాదు. అయినా మలం ఎప్పటికప్పుడు ఎత్తేయండి, నత్తల్లోకి లార్వాలు చేరేది దాన్నుంచే.

అపోహ: దగ్గు తగ్గింది, ఇక మందు ఆపేయొచ్చు.

చికిత్సకు ఫెన్‌బెండజోల్ అనే మందు ఇస్తే రోజూ, చాలా రోజులు ఇవ్వాలి. పురుగులు చచ్చేటప్పుడు ఆయాసం కొన్నాళ్లు పెరగవచ్చు కాబట్టి పరుగులు పెట్టించకుండా విశ్రాంతినివ్వాలి. ఊపిరి మరీ కష్టమైతే రాత్రయినా ఫోన్ చేయండి. కోర్సు అయ్యాక కొన్ని వారాలకు మళ్లీ బెయిర్‌మన్ చేయించాలి. ఒకసారి వచ్చి తగ్గిన కుక్కకు రెండోసారి రాదన్న హామీ లేదు. మళ్లీ పరీక్షలో ఏమీ లేదని తేలినా నెలనెలా వేసే నివారణ మందు కొనసాగాల్సిందే.