వివాది అంటే గొడవ కాదు: సంగీతం క్లాసులో మాటల పేచీలు

సంగీతం చెప్పేవాళ్లకు స్వరాలకన్నా ముందు మాటలతోనే పేచీ. నా దగ్గర నేర్చుకునేవాళ్లూ, వాళ్ల పెద్దవాళ్లూ తరచూ అనేవి ఇవి.

అపోహ: వివాది రాగాలు దోషం, పాడితే ఇంట్లో కలహాలు.

వాస్తవం: ఆ పేరే ఈ రాగాల కొంప ముంచింది. తగవు మనుషుల మధ్య కాదు, పక్కపక్క స్వరాల మధ్య. శుద్ధ రిషభం (రి) వెంటనే శుద్ధ గాంధారం (గ), లేదా షట్శ్రుతి రిషభం వెంటనే అంతర గాంధారం వస్తే రెంటికీ ఎడం చాలా తక్కువ. చెవికి కాస్త గరుకుగా తగులుతుంది, అంతే. ధైవత నిషాదాల్లోనూ (ద, ని) ఇదే వరస. ఈ లెక్కన 72 మేళకర్తల్లో, అంటే తల్లి రాగాల్లో, 40 వివాదులే. త్యాగరాజ పంచరత్నాల్లో "జగదానందకారక" నాటలో ఉంది, "కనకన రుచిరా" వరాళిలో ఉంది. రెండూ వివాది స్వరాలున్న రాగాలే. ఏటా తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధనకు అంతమంది గొంతు కలిపి పాడుతున్నారు, ఎవరింట్లో ఏం కలహాలొచ్చాయో మరి! వరాళిని గురువు నేరుగా నేర్పితే శిష్యుడితో చెడుతుందనీ అంటారు. నేను నేర్పుతూనే ఉన్నాను. ఫీజు దగ్గర తప్ప ఎవరితోనూ చెడలేదు.

అపోహ: గ్రహభేదం జాతకాల వ్యవహారం.

వాస్తవం: ఇక్కడ గ్రహం అంటే మొదలుపెట్టే స్వరం. మోహన రాగంలో గాంధారాన్ని షడ్జం (స) అనుకుని పాడితే హిందోళం అనే మరో రాగం వస్తుంది. శనితో పనిలేదు.

అపోహ: "సాని"కి అసలు అర్థం మంచిదే, ఎవరినైనా అలా అంటే తప్పేముంది?

వాస్తవం: మొదటి సగం నిజం. "స్వామిని" నుంచి వచ్చిన మాట అది. దొరసానిలో ఆ గౌరవం ఇంకా ఉంది. కానీ గుళ్లలో, సభల్లో పాడి ఆడిన ఆడవాళ్లను చిన్నచూపు చూసి దాన్ని తిట్టు చేశారు. పదాలు, జావళీలు అనే శృంగార పాటలు మనదాకా వచ్చింది చాలావరకు వాళ్ల గొంతుల్లోంచే. వ్యుత్పత్తి చూపించి తిట్టును వెనకేసుకురావడం నాకు నచ్చదు. కన్నడంలో "కంపు" అంటే ఇప్పటికీ పరిమళమే. ఆ ధైర్యంతో తెలుగింట్లో "మీ కూర భలే కంపండీ" అని చూడండి.

అపోహ: "చిందులు తొక్కకు" ఉత్త ఊతపదం, ఎవరూ పట్టించుకోరు.

వాస్తవం: పట్టించుకునేవాళ్లు మన ముందు బయటపడరు. తెలంగాణలో చిందు ఒక యక్షగానం, దాన్ని ఆడేవాళ్ల కులం పేరూ అదే. చిందు అంటే గంతు అన్న అర్థమూ ఉంది కాబట్టి, అన్న ప్రతివాళ్లూ కులాన్నే అన్నారని చెప్పను. నేను మాత్రం పిల్లలు అల్లరి చేస్తే "గెంతకండర్రా" అంటున్నాను.