జడ కొస వయసు ఆరేళ్లు

దువ్వెనకి చుట్టుకున్న వెంట్రుకల్లోంచి పొడుగ్గా ఉన్నదాన్ని ఒకటి లాగండి. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, రెండు వేళ్లనీ వెంట్రుక పొడుగునా ముందుకీ వెనక్కీ మెల్లగా రుద్దండి. వెంట్రుక ఉన్నచోట ఉండదు, అవతలి చివర ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు ఒకే వైపుకి పాకుతూ పోతుంది. తిప్పి పట్టుకుంటే ఈసారి రెండో వైపుకి పాకుతుంది. అది ఎటు పోతుందో అటు కుదురున్నట్టు. చిన్నప్పుడు గడ్డి కంకిని చొక్కా చేతిలో దూర్చుకుంటే దానంతట అదే భుజం దాకా ఎక్కేది చూడండి, ఇదీ అదే ఆట.

వెంట్రుక పైన పొలుసులుంటాయి. మైక్రోస్కోపు కింద చూస్తే పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి ఎక్కించినట్టు కనిపిస్తాయి, వాటి అంచులన్నీ కొస వైపుకే. దీన్ని క్యూటికిల్ అంటారు. కుదురు దగ్గర ఈ పొలుసులు ఆరు నుంచి పది పొరల మందం ఉంటాయి. లోపల కార్టెక్స్ అనే భాగంలో కెరటిన్ అనే ప్రొటీన్ పీచులు తాడు పేనినట్టు ఉంటాయి, వెంట్రుక బలమంతా వాటిదే. పైకప్పు ఊడిపోయిన చోట లోపలి తాడు పురి విప్పుకుంటుంది. కొసలు చిట్లాయి అంటామే, అదే ఇది.

ఇందులో ప్రాణం ఉన్నదేమీ లేదు. ప్రాణమంతా చర్మం కింద కుదుట్లో ఉంటుంది, బయటికొచ్చాక అది ఒట్టి దారం. గోరు విరిగితే అతుక్కోనట్టే చిట్లిన కొసా అతుక్కోదు. 'డ్యామేజ్ రిపేర్' అని సీసా మీద రాసి ఉన్నది లోపలికి వెళ్లి గాయం మానిపించదు, పైన పూత పూసి కొంతకాలం నున్నగా కనిపించేలా చేస్తుంది. పూతగా అది మంచిదే, నేనూ వాడతాను. దాని పేరుతోనే నాకు పేచీ.

ఇక లెక్క. జుట్టు నెలకి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ఏడాదికి 12 నుంచి 15. తిరుమలలో భక్తులిచ్చిన తలనీలాలని వేలం వేసేటప్పుడు పొడుగుని బట్టి రకాలుగా విడదీస్తారు, ఒకప్పటి వేలాల్లో 31 అంగుళాలు దాటినది మొదటి రకం. అంటే 79 సెంటీమీటర్లు. అంత పొడుగు జడ కొస తలలోంచి బయటికొచ్చి ఐదారేళ్లు అయ్యుంటుంది. అది మొలిచినప్పుడు ఆ అమ్మాయి టెన్త్ చదువుతుండొచ్చు, ఇప్పుడు ఉద్యోగంలో చేరి ఉండొచ్చు. ఈలోగా వారానికి రెండు తలస్నానాల చొప్పున ఆ కొస ఆరొందల సార్లకి పైగా తడిసి ఆరింది, రోజుకోసారి అనుకున్నా రెండు వేల సార్లు దువ్వెన తిన్నది. పట్టు కూడా ప్రొటీన్ దారమే. అమ్మమ్మ పెళ్లిచీరని ఎవరైనా బండకేసి బాదుతారా? జడ కొస దగ్గర మాత్రం మనం చేసేది ఇంచుమించు అదే.

అందరికీ మోకాళ్ల దాకా ఎందుకు పెరగదంటే, ప్రతి కుదురుకీ దాని గడువు దానికి ఉంటుంది. రెండు నుంచి ఆరేళ్లు పెంచుతుంది, రెండు మూడు వారాల్లో పని కట్టేస్తుంది, తర్వాత మూడు నెలలు ఊరికే పడుకుంటుంది, అప్పుడు పాత వెంట్రుక రాలి కొత్తది మొదలవుతుంది. మూడేళ్ల గడువున్నవాళ్ల జుట్టు భుజాలు దాటి కాస్త కిందికొచ్చి ఆగిపోతుంది, ఎంత ఖరీదైన నూనె రాసినా అంతే. చైనాలో షియే చియూపింగ్ అనే ఆవిడ 1973లో, పదమూడేళ్లప్పుడు, జుట్టు కత్తిరించడం మానేసింది. 2004లో కొలిస్తే 5.627 మీటర్లు. అంటే ఆవిడ కుదుళ్లలో కొన్నైనా ముప్పై ఏళ్లపాటు ఆగకుండా పనిచేశాయి. ఆ గడువు పుట్టుకతో వచ్చేది. 'జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే' అన్నవాళ్లకి ఈ సంగతి తెలిసే ఉంటుంది.

కాబట్టి పెరగడం సంగతి కుదురుకి వదిలేద్దాం. మీ జుట్టు ఊడుతోందా, తెగుతోందా అన్నది ముందు తేల్చుకోండి, ఈ రెంటికీ మందు ఒకటి కాదు. నేల మీద పడిన వెంట్రుకలు ఓ పది ఏరి వెలుతురులో చూడండి. ఒక చివర ఆవగింజలో పదో వంతంత తెల్లటి బుడిపె ఉంటే అది గడువు తీరి రాలింది. రోజుకి 50 నుంచి 100 దాకా అలా రాలడం మామూలే. మూడు రోజులకోసారి దువ్వుకునేవాళ్లకి అన్నీ ఒకేసారి చేతికొచ్చి గుండె ఆగినంత పనవుతుంది, కంగారు పడక్కర్లేదు. బుడిపె లేకుండా, పొట్టి ముక్కలుగా దొరికితే మాత్రం అవి మధ్యలో తెగినవి. మా ఇంట్లో బాత్రూమ్ జాలీ దగ్గర ఏరి చూస్తే సగానికి పైగా ముక్కలే. నా టెన్షన్ అంతా కుదుళ్ల మీద పెట్టాను, దొంగ నా టవల్లో ఉన్నాడు.

తడి జుట్టు పొడి జుట్టులాంటిది కాదు. వెంట్రుక తన బరువులో మూడో వంతు దాకా నీళ్లు తాగి దాదాపు 15 శాతం లావెక్కుతుంది. పొడుగు మాత్రం ఒకటి రెండు శాతమే పెరుగుతుంది. అలా ఉబ్బినప్పుడు పొలుసుల అంచులు లేస్తాయి. లోపల పీచులని పట్టుకుని ఉండే హైడ్రోజన్ బంధాలు నీళ్లకి విడిపోతాయి కాబట్టి, రబ్బరులా సాగుతుంది, తక్కువ లాగుడుకే తెగుతుంది. మనం చిక్కు తీసేదీ, టవల్‌తో రుద్దేదీ సరిగ్గా అప్పుడే. మా అమ్మకి ఇంకో అలవాటుండేది. తలంటు పోశాక పల్చటి తుండుగుడ్డ మెలిపెట్టి వేలాడుతున్న జుట్టుని టపటపా కొట్టేది, నీటి తుంపరలు ఎగిరి పెరట్లో ఎండలో మెరిసేవి, ఎంత బాగుండేదో. చాలా ఇళ్లలో ఇప్పటికీ కొడతారు. కానీ ఉబ్బి మెత్తబడ్డ దారాన్ని కొరడాతో కొట్టడమే అది. అదే తుండుగుడ్డని, ఇంకా మేలైతే పాత నూలు చీర ముక్కని, జుట్టుకి చుట్టి పిండకుండా అదిమి పావుగంట వదిలేస్తే నీళ్లన్నీ అదే పీల్చుకుంటుంది.

నూనె సంగతికొద్దాం. తలస్నానానికి ముందు కొబ్బరినూనె రాయడం నా దృష్టిలో మన పెద్దవాళ్ల అలవాట్లలో పరీక్షకి నిలబడ్డ గొప్ప అలవాటు. 2003లో ముంబైలో రేలే, మోహిలే అనే ఇద్దరు పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ జుట్టు మీద పోల్చి చూశారు. కడిగినప్పుడూ దువ్వినప్పుడూ జుట్టులోంచి పోయే ప్రొటీన్‌ని బాగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్నగా ఉంటుంది, కార్టెక్స్‌లోకి దూరగలదు. లోపల నూనె ఉంటే నీళ్లు తక్కువ పడతాయి, ఉబ్బడం తగ్గుతుంది. (వాళ్లు పనిచేసింది మారికోలో, అంటే కొబ్బరినూనె అమ్మే కంపెనీలోనే. ఆ సంగతి తెలుసుకుని చదవడం మంచిది.) కానీ నూనె పని జుట్టుకి, మాడుకి కాదు. మాడు మీద నూనె ఓడేలా పెట్టి రెండు రోజులు వదిలేస్తే కుదుళ్లు బలపడతాయన్నది నమ్మకమే. చుండ్రున్నవాళ్లకైతే ఎదురు తగులుతుంది కూడా, ఎందుకంటే చుండ్రు వెనకున్న మలసీజియా అనే శిలీంధ్రం బతికేదే మన తల మీది కొవ్వుల మీద. నేను అరచేతిలో ఓ చెంచాడు వేసుకుని చెవుల కింది నుంచి కొసల దాకా రాస్తాను, ఓ గంటాగి తలస్నానం. రాత్రంతా ఉంచుకోవడానికి నాకు ఓపిక లేదు, దిండు గలీబులూ ఒప్పుకోవు.

కుంకుడుకాయని తక్కువ చేయను. దాని లాటిన్ పేరు సాపిండస్‌కి అర్థమే 'ఇండియా సబ్బు'. గింజ తీసేసి పైపొట్టుని వేడినీళ్లలో నానేసి పిసికితే వచ్చే నురగ సపోనిన్లు అనే సబ్బులాంటి పదార్థాలది. ఆ రసం కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది, అలాంటి నీళ్లలో పొలుసులు అణిగి ఉంటాయి. ఒంటి సబ్బు క్షారం కాబట్టి అది తలకి రుద్దితే పొలుసులు లేస్తాయి, బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే దానితో కలిసి తెల్లటి మడ్డిలా జుట్టుకి పట్టుకుంటుంది కూడా. కుంకుడుతో చిక్కేమిటంటే మురికితో పాటు నూనె కూడా ఊడ్చుకుపోతుంది, వడకట్టకపోతే పొట్టు ముక్కలు జుట్టులో ఇరుక్కుంటాయి. దానికి విరుగుడుగానే కాబోలు మందార ఆకు నూరి కలిపేవాళ్లు, ఆ జిగురుకి వేళ్లు జుట్టులోంచి జారిపోతాయి. ఇప్పటి కండిషనర్ చేసే పని కూడా చాలావరకు ఆ జారుడే. కుంకుడు రసం కళ్లలో పడితే మా అమ్మమ్మ నాలిక మీద ఉప్పుకల్లు పెట్టేది. కంటికీ ఉప్పుకీ ఏం సంబంధమో నాకివాళ్టికీ తెలీదు, ఏడుపు మాత్రం ఆగేది.

షాంపూ అయినా పర్వాలేదు. మాడుకి రుద్దండి, కొసలకి వద్దు. కారిపోయే నురగే కొసలకి సరిపోతుంది.

చిక్కు తీయడం దగ్గరే ఎక్కువ జుట్టు పోతుంది కాబట్టి ఇక్కడ కాస్త నిదానించాలి. పైనుంచి దువ్వెన దించితే దారిలో ఉన్న చిన్న చిన్న ముళ్లన్నీ కలిసి కింద ఒక పెద్ద ముడిగా బిగుసుకుంటాయి, అప్పుడు టప్ మని లాగుతాం. కొస పైన నాలుగు వేళ్ల ఎత్తున జుట్టుని గుప్పిట్లో పట్టుకుని, ఆ కిందిది ముందు విడదీసి, మళ్లీ నాలుగు వేళ్లు పైకి వెళ్లాలి. గుప్పిట ఉంటే లాగుడు మాడు దాకా పోదు. పళ్లు దూరంగా ఉన్న దువ్వెన చాలు. ఒత్తుగా, రింగులు తిరిగిన జుట్టయితే పొడిగా ఉన్నప్పుడు కన్నా కండిషనర్ రాసి తడిగా ఉన్నప్పుడే చిక్కు తీయడం మేలు. నాలాంటి తిన్నని జుట్టువాళ్లు ముప్పాతిక ఆరాక దువ్వుకోవాలి. నా ఏడేళ్ల కూతురికి ఇలా చేస్తే పది నిమిషాలు పడుతుంది, స్కూలు బస్సు ఏడూ నలభైకి. అన్ని రోజులూ కుదురుతుందని అబద్ధం చెప్పను.

జడ మంచి కాపలా. విడిగా ఉన్న జుట్టు దిండుకీ, కుర్చీ వీపుకీ, బైక్ మీద గాలికీ రాసుకుంటుంది, జడలో ఉన్నది రాసుకోదు. రాత్రి వదులుగా అల్లుకుని పడుకోవడం అందరూ చేయగలిగిన పని. బిగుతుగా అల్లితేనే తంటా. గ్రీన్‌లాండ్‌లో ఆడవాళ్లు జుట్టు బిగించి ముడి కట్టుకోవడం వల్ల నుదుటి అంచున బట్టతల వస్తోందని 1907లోనే రాశారు. దాన్నిప్పుడు ట్రాక్షన్ అలోపీషియా అంటారు. మా స్కూల్లో రెండు జడలు మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టకపోతే బయట నిలబెట్టేవాళ్లు, సాయంత్రం విప్పితే మాడంతా సలుపు. సలుపు పెడుతోందంటే లాగుతోందని. మొదట్లో ఆపేస్తే జుట్టు మళ్లీ వస్తుంది, ఏళ్లతరబడి లాగితే ఆ కుదుళ్లు మూసుకుపోతాయి. పెళ్లిరోజు సవరం పెట్టి పూలజడ వేసుకున్నా ఏం కాదు, అది ఒక్క రోజు ముచ్చట.

స్ట్రెయిటనర్ గురించి ఒక్క మాట. తడి జుట్టు మీద 180 డిగ్రీల ఇనుము పెడితే లోపలి నీళ్లు అక్కడికక్కడే ఆవిరవుతాయి, దారి లేక వెంట్రుకలో బుడగలు కడతాయి. చుయ్ మన్న శబ్దం వినిపిస్తుంది కదా, అదే. బుడగ ఉన్న చోట ఆ వెంట్రుక వారంలోనో నెలలోనో తెగుతుంది.

గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందన్న మాట మీద మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త గడ్డాల మీద కొలిచి, గీసినందువల్ల వెంట్రుక లావుకానీ వేగంకానీ మారదని తేల్చింది. గుండు తర్వాత వచ్చే జుట్టుకి సన్నటి కొస ఉండదు, మొద్దుగా తెగి ఉంటుంది, చేతికి గరుగ్గా తగిలేసరికి ఒత్తుగా వచ్చిందనుకుంటాం. మొక్కు వేరు, అది తీర్చుకోండి.

నాలుగేళ్ల కిందట నాకు డెంగీ వచ్చింది. తగ్గింది, తిరిగి పనిలో పడ్డాను, మర్చిపోయాను కూడా. మూడో నెలలో తలస్నానం చేస్తుంటే జుట్టు గుప్పిళ్లకొద్దీ వచ్చేసింది. భయపడి ఒక నూనె కొన్నాను, సీసా పన్నెండొందలు. ఇంకో మూడు నెలలకి రాలడం ఆగింది, నుదుటి చుట్టూ చిన్న చిన్న కొత్త వెంట్రుకలు లేచాయి, కనిపించినవాళ్లందరికీ ఆ నూనె పేరు చెప్పాను. జరిగింది వేరు. గట్టి జ్వరానికీ, కాన్పుకీ, తిండి మానేసి బరువు తగ్గడానికీ కంగారుపడి చాలా కుదుళ్లు ఒకేసారి పని ఆపేసి పడుకుంటాయి. వాటి పడక మూడు నెలలు కాబట్టి రాలడం మూడో నెలలో కనిపిస్తుంది, ఆ తర్వాత వాటంతటవే లేస్తాయి. నూనె రాసినా లేస్తాయి, రాయకపోయినా లేస్తాయి. ఆ పన్నెండొందలకి నాకు మిగిలింది మంచి సీసా, అందులో ఇప్పుడు పోపు ఆవాలు పోసుకున్నాను.

ఆర్నెల్లు దాటినా రాలుతుంటే నూనెలు మానేసి రక్తపరీక్ష చేయించుకోవాలి, హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వని చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కుదురు ఐరన్ చాలక పడకేస్తే పైన ఏం రాసి ఏం లాభం? బయోటిన్ అనే విటమిన్ బిళ్లలు మాత్రం అందరికీ అక్కర్లేదు, లోపం ఉన్నవాళ్లకే పనికొస్తాయి. పైగా అవి వేసుకుంటుంటే థైరాయిడ్ పరీక్ష ఫలితాలు తప్పుగా రావచ్చు. రక్తం ఇచ్చే ముందు ల్యాబ్‌లోనూ, పరీక్ష రాసిన డాక్టరుకీ చెప్పండి, ఎన్ని రోజులు ఆపాలో డాక్టరు చెబుతారు.

డెంగీ తర్వాత లేచిన ఆ చిన్న వెంట్రుకలు ఇప్పుడు మోచేతి దాకా వచ్చాయి. జడ అల్లితే అవి మధ్యలోనే అయిపోయి అక్కడక్కడ బయటికి పొడుచుకొస్తుంటాయి. మా అమ్మాయి వాటిని చూసి "అమ్మా, నీ జడకి ముళ్లొచ్చాయి" అంటుంది.