అండమాన్ డీఎన్‌ఏ: అపోహలు - వాస్తవాలు

జనాభా జన్యుశాస్త్రంలో పనిచేస్తానని చెబితే చాలామంది మొదట అడిగేది అండమాన్ గురించే. అడిగేవాటిలో సగం వాట్సాప్‌లో తిరిగే మాటలు. తరచూ వినేవి ఇవి.

అపోహ: అండమాన్ ఆదివాసులు ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చిన బానిసల సంతతి.

వాస్తవం: ఒంటి రంగు, ఉంగరాల జుట్టు చూసి అల్లిన కథ ఇది. 2000ల మొదట్లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్ బృందం వాళ్ల డీఎన్‌ఏ చదివింది. అక్కడి ఓంగే, జారవా తెగల తల్లివైపు వంశాలు ఎం అనే ఆసియా శాఖలోనివి. మనలోనూ చాలామందిది అదే శాఖ. ఆఫ్రికన్లకు మనమెంత దూరమో వాళ్లూ దాదాపు అంతే దూరం. పైగా 2009లో వచ్చిన అధ్యయనం ప్రకారం, మనలో దాదాపు అందరిలోనూ ఎంతో కొంత వాటా ఉండే పాత దక్షిణాది పూర్వీకులకు ఓంగేలు దూరపు చుట్టాలు.

అపోహ: వాళ్ల వై క్రోమోజోమ్ జపాన్ వాళ్లతో కలిసింది కాబట్టి ఇద్దరూ ఒకటే జాతి.

వాస్తవం: నన్ను ఎక్కువ విసిగించేది ఇదే. పరీక్షించిన ఓంగే, జారవా పురుషులందరిదీ డి అనే పితృవంశం. టిబెట్‌లో చాలామంది మగవాళ్లది, జపాన్‌లో దాదాపు మూడో వంతుదీ డి వంశమే. కానీ ఆ కొమ్మలు విడిపోయి సుమారు యాభై వేల ఏళ్లు. ఇంకో సంగతి. వై తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్తుంది. పది తరాలు వెనక్కి వెళ్తే మీకు 1,024 పూర్వీకుల స్థానాలుంటే, వై చెప్పేది అందులో ఒక్కరి గురించే. మిగతా 1,023 మంది సంగతి దానికి తెలీదు. డబ్బు కట్టి చేయించుకునే వంశపరీక్షల రిపోర్టులకూ ఇదే వర్తిస్తుంది.

అపోహ: ఓంగే మగవాళ్లందరిదీ ఒకే వంశమంటే స్వచ్ఛమైన రక్తం.

వాస్తవం: కాదు, తక్కువ జనం. 1901లో ఓంగేలు 672 మంది అని లెక్క, ఇప్పుడు సుమారు వంద. అంత చిన్న గుంపులో కొడుకులు పుట్టని ప్రతి మగవాడితో ఒక పితృవంశం ఆగిపోతుంది. కొన్ని తరాలకు ఒక్కటే మిగలొచ్చు. గ్రేట్ అండమానీయులనే మరో తెగది ఇంకో కథ. 1961 నాటికి 19 మందే మిగిలారు. వాళ్లలో తల్లివైపు పాత దీవుల వంశాలు నిలిచాయి, తండ్రివైపు మాత్రం బయటినుంచి వచ్చినవాళ్లవే కనిపించాయి.

అపోహ: అండమాన్, నికోబార్ అంతా ఒకే జనం.

వాస్తవం: కాదు. నికోబారీయుల్లో ఎక్కువగా కనిపించేది 'ఓ' (O) అనే పితృవంశం. ఆగ్నేయాసియాలోనూ, మన సవర, గదబల్లాంటి ముండా భాషల తెగల్లోనూ ఉండేది అదే.

అపోహ: బయటివాళ్లను దగ్గరకు రానివ్వని అండమాన్ తెగ సెంటినలీలు 60 వేల ఏళ్లుగా అదే దీవిలో ఉన్నారని డీఎన్‌ఏ తేల్చింది.

వాస్తవం: సెంటినలీల డీఎన్‌ఏ ఎవరూ పరీక్షించలేదు. ఆ అంకె పక్క తెగల వంశాల వయసు నుంచి లాక్కొచ్చింది. వంశం విడిపోయిన కాలం వేరు, దీవిలో కాలుపెట్టిన కాలం వేరు. అండమాన్‌లో తవ్వి తేదీ కట్టిన పాత గవ్వల దిబ్బలు రెండు వేల ఏళ్లకు కాస్త పైబడినవే. నమూనా తెచ్చి తేల్చొచ్చుగా అంటారు కొందరు. 1956 నాటి రక్షణ నిబంధన ఆ దీవికి వెళ్లనివ్వదు. వెళ్లకూడదు కూడా, 1877లో బయటివాళ్ల నుంచి తట్టు పాకి గ్రేట్ అండమానీయులు పెద్ద సంఖ్యలో పోయారు.